నగ వారంటీ వేరు, నగ బీమా వేరు: కొన్న రోజు నుంచి క్లెయిమ్ దాకా చేయాల్సిన పనులు

సద్దుల బతుకమ్మ నాటి రాత్రి మా పెద్దమ్మ మెడలోని పుస్తెలతాడు తెంపుకొని పోయారు. నల్లగొండలో, మా వీధి మలుపులోనే. తెల్లవారగానే మా అన్న బీరువాలోంచి నగల దుకాణం వారిచ్చిన కార్డు తీసుకొని బయలుదేరాడు. దాని మీద పెద్ద అక్షరాలతో ‘జీవితకాల గ్యారెంటీ’ అని ఉంది. దుకాణంలో ఉన్నాయన కార్డు వెనక్కి తిప్పి చూపించాడు. కొక్కెం, అతుకు, మెరుగు, అంతే. ‘అన్నా, ఇది మేం చేసిన పనికి ఇచ్చిన మాట. పోయిన నగకు కాదు’ అన్నాడు. ఆయన చెప్పింది నిజం. ఆ నిజం నగ కొన్న రోజే మాకు తెలిసి ఉండాల్సింది.

అప్పటి నుంచి బంధువుల కాగితాలు, ఇరుగుపొరుగు కాగితాలు చూస్తూ వస్తున్నాను. మిర్యాలగూడ నుంచి వనపర్తి దాకా అడిగేవారి ప్రశ్న ఒక్కటే: ‘కార్డు ఉంది కదా, మళ్లీ ఇన్సూరెన్స్ ఎందుకు?’ జవాబును ఈసారి వరుసగా, పనుల రూపంలో రాస్తున్నాను. నగ కొనబోతున్నవారు మొదటి నుంచి చదవండి. పాత నగలు ఉన్నవారికి 3వ భాగం ముఖ్యం. ఇప్పటికే నగ పోయి ఉంటే నేరుగా 7వ భాగానికి వెళ్లండి, మిగతాది తర్వాత చదవవచ్చు.

1. ముందు నాలుగు మాటలను విడదీయండి

నగ కొనేటప్పుడు ఈ నాలుగూ ఒకే ఊపులో చెబుతారు. అందుకే అన్నీ ఒకటే అనిపిస్తాయి.

హాల్‌మార్క్ స్వచ్ఛతకు సంబంధించినది. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తింపు ఉన్న కేంద్రంలో పరీక్షించి వేస్తారు. 22 క్యారెట్ల నగ మీద ‘22కె 916’ అని ఉంటుంది. అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం.

వారంటీ నగ తయారీకి సంబంధించినది. దుకాణం తన పనితనానికి ఇచ్చే మాట. మన దగ్గర దీన్నే గ్యారెంటీ అంటారు.

మార్పిడి, తిరిగి కొనుగోలు నగ ధరకు సంబంధించినవి. పాత నగ తెస్తే ఎంత లెక్క కడతారన్న మాట. దీన్ని వారంటీ అనుకోకండి.

బీమా బయటి నుంచి వచ్చిపడే నష్టానికి సంబంధించినది. దొంగతనం, అగ్ని, వరద వంటివి. ఈ మాట ఇచ్చేది బీమా కంపెనీ. దుకాణం అమ్మిపెట్టినా సరే, పాలసీ మీద కంపెనీ పేరే ఉండాలి.

ఏ నష్టానికి ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఇది: లోపం నగలోనే ఉందా, నగకు బయట ఏదైనా జరిగిందా?

- కొన్న రెండు నెలలకే కమ్మలోని రాయి ఊడింది: లోపం నగలో ఉంది. వారంటీ.
- పరీక్ష చేయిస్తే స్వచ్ఛత తక్కువ వచ్చింది: హాల్‌మార్క్ నియమాల కింద దుకాణమే బాధ్యత వహించాలి.
- ఇంటి తాళం పగలగొట్టి హారం ఎత్తుకెళ్లారు: బీమా.
- ఇరవై ఏళ్లు వేసుకున్న గొలుసు అరిగి తెగింది: రెండింటిలో ఏదీ రాదు. అరుగుదలను వారంటీ, బీమా రెండూ మినహాయిస్తాయి.
- కురుమూర్తి జాతరలో ఉంగరం ఎక్కడ జారిందో తెలియదు: చాలా పాలసీల్లో రాదు. పాలసీ తీసుకునే ముందు ఏం అడగాలో 6వ భాగంలో, ఫిర్యాదులో ఏం రాయకూడదో 7వ భాగంలో ఉంది.

2. కొనే రోజే చేయాల్సిన పనులు

తర్వాత క్లెయిమ్ నిలబడటం, పడిపోవడం చాలావరకు ఈ ఒక్క రోజు మీదే ఆధారపడి ఉంటుంది. పెళ్లి బంగారం కొనేటప్పుడు పదిమంది వెళతాం. డిజైన్లు అందరూ చూస్తారు, బిల్లు ఎవరూ చదవరు. ఒకరికి ఆ పని ముందే అప్పగించి తీసుకెళ్లండి.

పక్కా బిల్లు తీసుకోండి. తెల్ల చీటీ మీద అంచనా రాసి ఇస్తే పన్ను మిగులుతుందని ఒప్పుకోవద్దు. పన్ను మిగిలిన చోట ఆధారం పోతుంది. చీటీ చూపి బీమా కంపెనీ ముందు గానీ, వినియోగదారుల కమిషన్ ముందు గానీ నగ మీదేనని నిరూపించడం చాలా కష్టం.

బిల్లులో ఇవి ఉన్నాయో లేదో అక్కడే చూడండి:

- ప్రతి నగ పేరు విడివిడిగా (‘బంగారు నగలు 1 సెట్’ అని కాదు)
- మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బంగారం బరువు
- స్వచ్ఛత క్యారెట్లలోనూ, 916 వంటి అంకెలోనూ
- మజూరి, తరుగు, రాళ్ల ధర వేరువేరుగా
- హాల్‌మార్క్ రుసుము
- కొన్నవారి పేరు (ఇది ఎవరి పేరు మీద ఉండాలో ముందే ఆలోచించుకోండి, బీమా ఆ కుటుంబం పేరు మీదే తీసుకోవాలి)

బరువు గ్రాముల్లో రాయించండి. మన మాటల్లో తులం అంటే పది గ్రాములు. పాత లెక్కలో తులం సుమారు 11.66 గ్రాములు. నానమ్మ చెప్పిన ‘అయిదు తులాల’కూ, దుకాణం వారు చెప్పే అయిదు తులాలకూ మధ్య ఎనిమిది గ్రాములకు పైగా తేడా ఉంటుంది. పాలసీలో గానీ, పోలీసు ఫిర్యాదులో గానీ తులాల లెక్క రాయకండి.

హెచ్‌యూఐడీని సరిచూడండి. ప్రతి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన సంకేతం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ సంకేతం కొడితే నగ రకం, స్వచ్ఛత, పరీక్షించిన కేంద్రం వివరాలు వస్తాయి. మీరు కొన్నది గాజు అయితే యాప్‌లోనూ గాజు అనే రావాలి. రెండు గ్రాముల లోపు నగలకు, కుందన్, పోల్కీ, జడావు పనికి ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. అలాంటివి కొంటే బిల్లులోని వివరాలే మీకు ఆధారం, కాబట్టి వాటిని మరింత వివరంగా రాయించండి.

వజ్రాలకు సర్టిఫికెట్ తీసుకోండి. జీఐఏ, ఐజీఐ వంటి ప్రయోగశాలల సర్టిఫికెట్ మీది నంబరు, బిల్లులోని నంబరు ఒకటే కావాలి. సహజ వజ్రమా, ప్రయోగశాలలో పెంచినదా అన్నది బిల్లులో రాయించండి. ధరలో చాలా తేడా ఉంటుంది, కాబట్టి బీమా విలువలోనూ ఉంటుంది.

ఫోటోలు తీయండి. ముందు వైపు, వెనుక వైపు, కొక్కెం దగ్గర, హెచ్‌యూఐడీ దగ్గర ఒక్కొక్కటి. త్రాసు మీద అంకె కనిపించేలా ఒకటి. నగ వేసుకొని ఉన్న ఫోటో ఒకటి. ఆ ఫోటోలను ఫోనులోనే ఉంచకుండా, కుటుంబంలో ఇంకొకరికి పంపండి. నగతో పాటు ఫోను కూడా పోయిన సందర్భాలు ఉన్నాయి.

3. బిల్లు లేని పాత నగలకు ఏం చేయాలి

మన ఇళ్లలో విలువైనవన్నీ పాతవే. కాసులపేరు, వడ్డాణం, అమ్మమ్మ కడియాలు. ఊరి కంసాలి చేసినవి, కాగితం ముక్క లేనివి. వీటికి బీమా రాదని చాలామంది వదిలేస్తున్నారు. వస్తుంది, కానీ ఈ వరుసలో చేయాలి.

మొదట, గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రంలో స్వచ్ఛత పరీక్ష చేయించండి. నాలుగు నగల వరకు పరీక్ష రుసుము 200 రూపాయలు. వారిచ్చే నివేదికను దాచండి.

తర్వాత, ప్రభుత్వ గుర్తింపు పొందిన నగల విలువ నిర్ధారకుడి దగ్గర విలువ పత్రం తీసుకోండి. అందులో ప్రతి నగకు ఫోటో, బరువు, స్వచ్ఛత, ఆ రోజు విలువ, సంతకం, ముద్ర ఉండాలి. ఎవరి పత్రాన్ని అంగీకరిస్తారో బీమా కంపెనీని ముందే అడగండి. మీకు తెలిసిన దుకాణదారు లెటర్‌హెడ్ మీద రాసి ఇచ్చింది అన్ని కంపెనీలూ ఒప్పుకోవు.

చివరగా, పాత పెళ్లి ఫోటోల్లో ఆ నగలు కనిపించేవాటిని వెతికి కాపీ తీయించండి. నగ మీ కుటుంబంలో ఉండేదని చెప్పడానికి అవి బాగా పనికొస్తాయి.

4. వారంటీ కార్డు చదివే పద్ధతి

కార్డును ముందు వైపు చదవకండి. వెనక్కి తిప్పండి. ఈ అయిదు ప్రశ్నలకు జవాబు అక్కడ లేకపోతే, బిల్లు మీదే రాసి సంతకం చేయమని అడగండి.

1. ఏ భాగాలకు వర్తిస్తుంది? అతుకు, కొక్కెం, రాయి బిగింపు, పూత ఒక్కొక్కటీ విడిగా అడగండి.
2. ఎంతకాలం? ‘జీవితకాలం’ అంటే ఉచితంగా కడిగి మెరుగు పెట్టడానికా, మరమ్మతుకా?
3. రాయి ఊడి పోతే కొత్త రాయి ఇస్తారా, ఉన్న రాయిని బిగించడమేనా? ఎంత పరిమాణం వరకు?
4. బయట కంసాలి చేత చేయి పెట్టిస్తే వారంటీ పోతుందా? చాలా కార్డుల్లో పోతుంది. ఊళ్లో కొక్కెం అతికించుకొచ్చి తర్వాత దుకాణానికి వెళితే వారు తిరస్కరించవచ్చు.
5. కొన్న శాఖలోనే చూపాలా? హైదరాబాద్‌లో కొన్న నగకు మహబూబ్‌నగర్ శాఖలో సేవ దొరుకుతుందా?

మార్పిడి షరతులను వేరుగా చదవండి. మజూరి, తరుగు సాధారణంగా తిరిగి రావు. రాళ్ల ధరలోనూ కోత ఉంటుంది. ‘నూరు శాతం మార్పిడి’ అన్నచోట ఆ నూరు శాతం దేని మీద అని అడగండి. ఎక్కువసార్లు అది నికర బంగారం మీదే.

స్వచ్ఛత తక్కువైతే మీకు కార్డు కన్నా చట్టం బలం ఎక్కువ. బీఐఎస్ నియమాలు, 2018 ప్రకారం నగ మీద వేసిన ముద్ర కన్నా స్వచ్ఛత తక్కువ తేలితే, ఆ లోటు విలువకు రెండింతలు, దాంతో పాటు పరీక్ష ఖర్చు చెల్లించాలి. లెక్క ఇలా ఉంటుంది: 40 గ్రాముల హారం మీద 916 అని ఉంది, పరీక్షలో 875 వచ్చింది. లోటు వెయ్యికి 41 పాళ్లు, అంటే 1.64 గ్రాములు. రెండింతలు 3.28 గ్రాముల విలువ. దీనికి బీమాతో పని లేదు, వారంటీ గడువుతోనూ పని లేదు.

మరమ్మతుకు ఇచ్చేటప్పుడు జాగ్రత్త. నగ మీ చేతిలో లేని ఈ కొన్ని రోజులే చాలామంది మరచిపోయే ఖాళీ. శుభ్రం చేసేటప్పుడు, మరమ్మతు చేసేటప్పుడు కలిగే నష్టాన్ని బీమా పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. అందుకని ఇచ్చే ముందు మీ ఎదుటే తూకం వేయించండి. రాళ్లు లెక్కపెట్టించండి. బరువు, రాళ్ల సంఖ్య, తిరిగిచ్చే తేదీ రాసిన రసీదు తీసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు మళ్లీ తూకం వేయండి.

5. నగ ఎక్కడ ఉంటుందో రాసుకోండి, ఆ తర్వాతే బీమా

ఏజెంటును పిలిచే ముందు ఒక కాగితం తీసుకొని మూడు గడులు గీయండి: ఒంటి మీద, ఇంట్లో, లాకర్లో. ప్రతి నగనూ ఒక గడిలో రాయండి. పాలసీ ఎంపిక ఈ కాగితాన్ని బట్టే ఉంటుంది.

ఒంటి మీద ఉండేవి: పుస్తెలతాడు, గాజులు, కమ్మలు. వీటికి ప్రమాదం వీధిలో ఉంది. ఇంటి బీమా మాత్రమే ఉంటే గొలుసు తెంపుకుపోయిన నష్టం అందులో రాకపోవచ్చు. ఇంటి బయట కూడా వర్తించే కవర్ అడగాలి.

ఇంట్లో ఉండేవి: ఇక్కడ పాలమూరు కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పాలి. పనుల కోసం ముంబై, పుణె, హైదరాబాద్ వెళ్లి నెలల తరబడి ఇంటికి తాళం వేసి ఉంచుతారు. ఇల్లు వరుసగా ఇన్ని రోజులకు మించి ఖాళీగా ఉంటే దొంగతనం క్లెయిమ్ చెల్లదన్న షరతు పాలసీల్లో ఉంటుంది. 30 రోజులన్నది తరచుగా కనిపించే గడువు. మీ పాలసీలో ఎన్ని రోజులో వెతికి, గీత గీసి పెట్టుకోండి. అంతకన్నా ఎక్కువ కాలం వెళ్లాల్సి వస్తే కంపెనీకి ముందే రాసి అనుమతి తీసుకోండి, లేదా నగలను లాకర్‌కు మార్చండి.

లాకర్లో ఉండేవి: ‘బ్యాంకులో ఉంది, భయం లేదు’ అన్న మాట సగమే నిజం. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, ఉద్యోగుల మోసం వల్ల నష్టం జరిగితే బ్యాంకు బాధ్యత లాకర్ వార్షిక అద్దెకు 100 రెట్ల వరకే. అద్దె 3,000 రూపాయలైతే గరిష్ఠంగా 3 లక్షలు. లోపల 20 లక్షల బంగారం ఉన్నా అంతే. బ్యాంకు నిర్లక్ష్యం లేకుండా వరద, భూకంపం వంటి వాటివల్ల నష్టం జరిగితే అదీ రాదు. లాకర్లోని వస్తువులకు బ్యాంకు బీమా చేయదు, అమ్మకూడదు కూడా. మిగతా విలువకు మీరే విడిగా పాలసీ తీసుకోవాలి.

తాకట్టులో ఉన్న నగలను ఈ కాగితం మీద వేరుగా రాసి, తాకట్టు రసీదు జతచేయండి. అవి రుణదాత సంరక్షణలో ఉన్నంతకాలం పోయినా, పాడైనా జవాబు చెప్పాల్సింది వారే.

అన్ని నగలకూ బీమా చేయాలని నేను చెప్పను. చిన్న దిద్దులు, మట్టెలు వదిలేయండి. పోతే తిరిగి కొనలేమన్నవి, కూతురు పెళ్లికి దాచినవి, రోజూ మెడలో తిరిగేవి ముందు రావాలి.

6. బీమా తీసుకునే వరుస

మన ఊళ్లలో దొరికే దారులు మూడు.

మొదటిది, దుకాణం ఇచ్చే ఉచిత బీమా. కొన్ని పెద్ద దుకాణాలు మొదటి సంవత్సరానికి ఇస్తాయి. తీసుకోండి, కానీ మూడు విషయాలు రాతలో అడగండి: బీమా కంపెనీ పేరు, పాలసీ లేదా సర్టిఫికెట్ నంబరు, ముగిసే తేదీ. ముగిసే తేదీకి నెల ముందు ఫోనులో గుర్తు పెట్టుకోండి. ఏడాది తర్వాత అది దానంతట అదే కొనసాగదు.

రెండోది, ఇంటి బీమాతో కలిపి తీసుకోవడం. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ ఇస్తున్నాయి. ఇందులో నగలు మామూలు ఇంటి సామాను కింద రావు. ‘విలువైన వస్తువుల’ కవర్ విడిగా ఎంచుకోవాలి. ఆ కవర్ విలువ 5 లక్షల లోపు, ఒక్కో వస్తువు లక్ష లోపు ఉంటే విలువ పత్రం అడగరు. దాటితే అడుగుతారు.

ఇదే పాలసీలో ఇంకో మెలిక ఉంది. దొంగతనం మామూలుగా ఇందులో రాదు. అగ్ని, వరద వంటి ప్రమాదం జరిగి, దానివల్ల ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనమే వస్తుంది. తాళం పగలగొట్టిన దొంగతనానికి అదనపు కవర్ కావాలి. ‘ఇంటి బీమా ఉంది కదా’ అని ధైర్యంగా ఉన్న కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే. దయచేసి ఈ ఒక్క మాట ఏజెంటును అడిగి, జవాబును పాలసీ కాగితంలో చూపించమనండి.

మూడోది, నగలకే ప్రత్యేకించిన లేదా అన్ని ప్రమాదాలకూ వర్తించే పాలసీ. ప్రీమియం ఎక్కువ, కానీ ఒంటి మీద ఉన్న నగకు బాగా పనికొచ్చేది ఇదే.

ఏ దారి ఎంచుకున్నా సంతకానికి ముందు వీటికి జవాబు రాబట్టండి:

- నా నగల జాబితా పాలసీకి జతచేశారా? గ్రాములు, స్వచ్ఛత సరిగా ఉన్నాయా?
- చెల్లించేది ముందే ఒప్పుకున్న విలువా, నష్టం జరిగిన రోజు మార్కెట్ విలువా? మజూరి కలుస్తుందా?
- ఇంటి బయట వర్తిస్తుందా? ఊరు దాటితే? పెళ్లి మండపంలో?
- గొలుసు తెంపుకుపోతే వస్తుందా?
- ఎక్కడో జారిపోయిన నగకు వస్తుందా?
- ఇంట్లోవారు, పనివారు తీస్తే వస్తుందా? ఎక్కువ పాలసీల్లో రాదు.
- తాళం వేయని కారులో, స్కూటర్ డిక్కీలో పెట్టినది పోతే?
- ప్రతి క్లెయిమ్‌లో నేను భరించాల్సిన మొత్తం ఎంత?

తక్కువ విలువకు బీమా చేయకండి. ప్రీమియం తగ్గుతుందని సగం విలువే రాయించేవారు చాలామంది. మీ నగల విలువ 12 లక్షలు, పాలసీ 6 లక్షలకే ఉంది, 2 లక్షల నగ పోయింది అనుకుందాం. 6 లక్షల లోపే కదా, 2 లక్షలూ వస్తాయని అనుకుంటాం. నిష్పత్తి షరతు ఉన్న పాలసీలో సగమే, అంటే లక్షే వస్తుంది. సగమే బీమా చేస్తే సగం నష్టం మీరే మోస్తున్నట్టు లెక్క. అన్నింటికీ ప్రీమియం కట్టలేకపోతే, కొన్ని నగలనే ఎంచి వాటికి పూర్తి విలువ రాయించండి.

7. నగ పోయిన రోజు

గాబరాలో వరుస తప్పుతుంది. ఈ భాగాన్ని పాలసీ కాగితంతో కలిపి పెట్టుకోండి.

1. ముందు మనిషిని చూడండి. గొలుసు లాగినప్పుడు మెడ కోసుకుపోతుంది, కిందపడతారు. ఆసుపత్రికి వెళితే ఆ చీటీ కూడా దాచండి.
2. 100 లేదా 112కు ఫోను చేయండి.
3. ఇంట్లో దొంగతనమైతే బీరువా, తలుపులు ముట్టుకోకండి, సర్దకండి. ఉన్నది ఉన్నట్టు ఫోటోలు తీయండి.
4. బీమా కంపెనీకి అదే రోజు తెలియజేయండి. ఫోను చేసి, వారిచ్చే క్లెయిమ్ నంబరు రాసుకొని, ఈమెయిల్ కూడా పంపండి. ఆలస్యాన్ని కారణంగా చూపి క్లెయిమ్‌లను వెనక్కి నెట్టడం మామూలే.
5. పోలీసు స్టేషన్‌కు నగల జాబితా, బిల్లులు, ఫోటోలు పట్టుకెళ్లండి. ఎఫ్ఐఆర్‌లో ప్రతి నగ పేరు, గ్రాములు వచ్చేలా చూడండి. ‘సుమారు అయిదు తులాల బంగారం’ అని రాస్తే, సర్వేయర్ (నష్టాన్ని పరిశీలించడానికి బీమా కంపెనీ పంపే వ్యక్తి) మొదట అడిగేది దాని గురించే.
6. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

చెరువుగట్టుకో, యాదగిరిగుట్టకో వెళ్లినప్పుడు పోతే మీ ఊరికి వచ్చాకే ఫిర్యాదు చేయాలని లేదు, అక్కడే చేయాలనీ లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. దీన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. నమోదు చేయకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపే హక్కు 173వ సెక్షన్ ఇస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. నగ జారిపోయినదైతే, దొంగతనమని రాయిస్తే డబ్బులు వస్తాయని సలహా ఇచ్చేవారు ఉంటారు. వినకండి. అది తప్పుడు ఫిర్యాదు. సర్వేయర్ సాక్షులను అడుగుతాడు, కెమెరాలు చూస్తాడు. పట్టుబడితే క్లెయిమ్‌తో పాటు మీ మీదే కేసు వస్తుంది. అలాగే నిజంగా తెంపుకుపోతే ‘పోగొట్టుకున్నాను’ అని రాయనివ్వకండి. చాలా పాలసీల్లో ఆ ఒక్క మాట చాలు, క్లెయిమ్ పోవడానికి. జరిగింది జరిగినట్టే రాయించి, చదివి, సంతకం చేయండి.

క్లెయిమ్ దస్త్రంలో ఉండాల్సినవి:

- పాలసీ, నగల జాబితా
- బిల్లులు లేదా విలువ పత్రాలు, హెచ్‌యూఐడీ వివరాలు
- ఫోటోలు
- ఎఫ్ఐఆర్ కాపీ
- నింపిన క్లెయిమ్ ఫారం (ఇచ్చే ముందు కాపీ తీయండి)
- దొంగ దొరకలేదని పోలీసులు ఇచ్చే తుది నివేదిక, కంపెనీ అడిగితే

చివరి కాగితానికి నెలలు పడుతుంది. అంతవరకు ఊరుకోకుండా మిగతావన్నీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

8. కాదంటే ఎక్కడికి వెళ్లాలి

దుకాణం వారంటీని తిరస్కరిస్తే: మొదట రాతలో ఫిర్యాదు ఇవ్వండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. హైదరాబాద్‌లో కొన్న నగకు నల్లగొండలో గానీ, మహబూబ్‌నగర్‌లో గానీ వేయవచ్చన్నమాట. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు. గడువు రెండేళ్లు.

బీమా కంపెనీ తిరస్కరిస్తే: ఏ షరతు కింద తిరస్కరించారో రాతలో అడగండి. ‘నిబంధనల ప్రకారం కుదరదు’ అన్న జవాబు జవాబు కాదు, షరతు సంఖ్య కావాలి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని పరిష్కరించే అధికారి) దగ్గరికి వెళ్లండి. తెలంగాణ అంతా ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది. రుసుము లేదు, న్యాయవాది అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.

9. నగ దొరికితే

ఇది కూడా ముందే తెలుసుకోవాలి. పోలీసులు స్వాధీనం చేసుకున్న నగ స్టేషన్‌లో చేతికి రాదు, కోర్టు ఉత్తర్వుతో వస్తుంది. అప్పుడు కూడా నగ మీదేనని చూపాల్సింది బిల్లు, ఫోటోలు, హెచ్‌యూఐడీతోనే.

బీమా కంపెనీ అప్పటికే డబ్బు చెల్లించి ఉంటే, దొరికిన నగ మీద హక్కు కంపెనీకి ఉంటుంది. దొరికిన సంగతి దాచకండి. నగే కావాలనుకుంటే, తీసుకున్న మొత్తం తిరిగి ఇచ్చి నగ వెనక్కి తీసుకునే వీలు ఉందేమో కంపెనీని రాతలో అడగండి.

మా పెద్దమ్మ పుస్తెలతాడు దొరకలేదు. కొత్తది కొన్న రోజు బిల్లు చదివే పని నాకు అప్పగించారు. పాలసీ కాగితం మీద ‘ఇంటి బయట కూడా’ అన్న మాట చూసిన తర్వాతే ఆమె దాన్ని మెడలో వేసుకొని వీధిలోకి వెళ్లింది.